ఎడమవైపు తిరిగిన గుండెలు

పదకొండవ వారం

పోయినవారం డెలానీని మూడో అంతస్తు మెట్ల మీద, చేతిలో క్రింగిల్ అనే తీపిరొట్టె పెట్టెతో వదిలేశాం. ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. మార్చి నెల బురదమంచు బూట్ల నుంచి కారి మెట్టు మీద చిన్న మడుగు కట్టింది. పైకి పోదామంటే కాళ్ళు రావడం లేదు, కిందికి పోదామంటే మనసు రావడం లేదు.

ముందురోజు సీనియరు విద్యార్థి ఆంబ్రోస్ టిల్మన్ ల్యాబులో అందరికీ పెట్టిన మెయిల్ మూడే ముక్కలు. నలభై గుడ్ల లెక్క తప్పు. లెక్కపెట్టిన పిల్లకు కుడీ ఎడమా తెలియవు. మంగళవారం మీటింగులో ఆ కాగితాలను చెత్తబుట్టకు పంపేద్దాం.

డెలానీ వాండెహే విస్కాన్సిన్‌లో నూట ఇరవై ఆవులున్న పాడి ఇంటి పిల్ల. కాలేజీలో మూడో ఏడు. డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టే ఏడు ఇది. మార్కులన్నీ నిండు పాలకుండల్లా ఉన్నాయి గాని, ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చిన సి గ్రేడు ఒక్కటి అందులో పడ్డ ఈగలా తేలుతోంది. ఆ ఈగను చూడకుండా కుండను చూడమని చెప్పగలిగేది ఒక్కరే, రెండేళ్ళుగా ఆమె పనిచేస్తున్న ల్యాబు ప్రొఫెసర్ వినిఫ్రెడ్ హాల్వర్సన్. ఆవిడ రాసే సిఫారసు ఉత్తరం శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల కాలేజీ ప్రీమెడ్ కమిటీకి చేరాలి. చేరకపోతే ఈ ఏడు దరఖాస్తు లేదు. నిన్న అడిగితే ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, మంగళవారం మీటింగు కానీ, తర్వాత మాట్లాడదాం అంది.

డెలానీ పైకి నడిచింది.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. మంగళవారం ఎవరి పని తెర మీదికి వస్తే వాళ్ళే అందరికీ తినడానికి తేవాలి. ప్రీమెడ్ పిల్లల పని ఎప్పుడూ తెర మీదికి రాదు. గాజుసామాను కడగడం, గుడ్లకు నంబర్లు వేయడం, పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు నోరు మూసుకోవడం వాళ్ళ వంతు. ఇవాళ తెర మీద కనబడబోయేవి తను తీసిన ఫొటోలు కాబట్టి ఆచారం ప్రకారం తనే తేవాలనుకుంది. పెకాన్ పప్పు కూరిన క్రింగిల్‌ను బల్ల మీద పెట్టగానే ల్యాబు మేనేజరు బెవ్ కూకెన్‌బెకర్ కత్తి అందుకుంది. బెవ్‌కు యాభై ఎనిమిదేళ్ళు. ప్రొఫెసరు తర్వాత ఆ అంతస్తులో అందరూ భయపడేది ఆవిడకే, అందరూ ఏడవడానికి పోయేదీ ఆవిడ దగ్గరికే.

"తన ఉరితాడు తనే పేనుకుని తెచ్చుకున్న పిల్లను ఇవాళే చూస్తున్నా" అంటూ బెవ్ మొదటి ముక్క కోసి డెలానీకే ఇచ్చింది. "తిను తల్లీ. ఏడ్చేదేదో కడుపు నిండాక ఏడువు."

హాల్వర్సన్ వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అరవై దాటిన మనిషి, వెంట్రుకలు పొట్టిగా కత్తిరించుకుని, మోకాళ్ళు నొప్పైనా లిఫ్టు ఎక్కని మొండి. కోడిపిండం రెక్కల మీద పనిచేసే ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు గోడవారగా సర్దుకున్నారు. ఆంబ్రోస్ దీపాలు ఆర్పాడు.

ఆంబ్రోస్ చెడ్డవాడు కాదు. డెలానీకి సూది పట్టుకోవడం నేర్పిందీ అతనే, పాలపిల్ల అని పేరు పెట్టిందీ అతనే. పీహెచ్‌డీలో ఐదో ఏడు గడుస్తోంది. కడుపుతో ఉన్న తల్లులు మూర్ఛకు వేసుకునే ఒక మందు బిడ్డ గుండెకు హాని చేస్తుందా అన్నది అతని ప్రశ్న. అందుకే కోడిగుడ్లు. సగం గుడ్లలో మందుచుక్క, సగం గుడ్లలో ఉత్త సెలైన్, అంటే ఉప్పునీళ్ళు. దేంట్లో ఏది పడిందో లెక్కపెట్టేవాళ్ళకు తెలియకూడదు. సిరంజిలు నింపి నంబర్లు వేసేది బెవ్, ఆ నంబర్ల చీటీ దాచేదీ బెవ్. ఇద్దరు మనుషులు లెక్క ఒప్పుకుని సంతకం చేస్తేనే చీటీ బయటికి వస్తుంది. ఈ నలభై గుడ్ల లెక్క మీద సంతకం చేయనని ఆంబ్రోస్ మొండికేశాడు.

తెర మీద మొదటి ఫొటో పడింది. కోడిపిండంలో గుండె మొదట తిన్నని గొట్టం. రెండోరోజు అది వంగుతుంది, వంగితే కుడివైపుకే. కోడికైనా, దూడకైనా, మనిషికైనా అదే తీరు. నూటికి ఒకటి దారి తప్పితే తప్పవచ్చు. డెలానీ లెక్కలో నలభైకి పదకొండు ఎడమకు తిరిగాయి.

ఇంత బాగున్న ఫలితం ఎక్కడో కుళ్ళి ఉంటుందని ఆంబ్రోస్ మొదలుపెట్టాడు. గుడ్డు పగలగొట్టి, పిండాన్ని కాగితపు రింగుకు అంటించి ఎత్తి, గాజుపళ్ళెంలో పెట్టి ఫొటో తీస్తాం. రింగును ఉన్నదున్నట్టు పెడితే కుడి కుడిగానే ఉంటుంది. చెయ్యి జారి అట్టు తిరగేసినట్టు బోర్లా పడిందంటే కుడి కాస్తా ఎడమైపోతుంది. ఫొటోలో చూసి ఏది ఎటు పెట్టారో చెప్పడం దేవుడి తరం కూడా కాదు. తనూ మొదటి ఏడు ఇదే చేశానని, మూడు వారాలపాటు గుండెలన్నీ ఎడమకే తిరుగుతుంటే నోబెల్ బహుమతికి కొత్త సూటు చూసుకున్నానని చెప్పాడు. గోడవార ఇద్దరూ నవ్వారు. డెలానీ నోట్లోని క్రింగిల్ ముక్క మట్టిగడ్డ అయిపోయింది.

"నీ మీద కోపమేం లేదు పాలపిల్లా" అన్నాడు ఆంబ్రోస్. "ఆవును ఏ వైపు కూర్చుని పిండినా పాలే వస్తాయి. ఇక్కడ అలా కుదరదు."

అతను సరదాకే అన్నాడు. కాని ఆ మాట డెలానీకి తగలాల్సిన చోటే తగిలింది.

"ఈనిన ఆవుకు ఒక్కోసారి కడుపు ఎడమకు జారిపోతుంది" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "డొక్క మీద వేలితో కొట్టి చెవి పెట్టి వింటే గంట మోగినట్టు మోగుతుంది. మా ఇంట్లో పదేళ్ళప్పటి నుంచి వినేది నేనే. ఎడమేదో తెలియకపోతే ఆవు చచ్చిపోతుంది ఆంబ్రోస్. మా ఆవులు బతికే ఉన్నాయి."

గదిలో ఎవరూ నవ్వలేదు. బెవ్ మాత్రం కత్తికి అంటిన చక్కెర వేలితో తీసి నోట్లో వేసుకుంది.

హాల్వర్సన్ కళ్ళద్దాలు తీసింది. ఆవులు బతికుండటం పిండాల గురించి రుజువు కాదని, రింగు బోర్లా పడలేదని చూపించే దారి ఏదైనా ఉందా అని అడిగింది. ఆవిడ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది.

డెలానీ ఆ ప్రశ్ననే నిన్న మెయిల్ చూసినప్పటి నుంచి రాత్రంతా నమిలింది. ఇంక్యుబేటరులో ఇంకో పన్నెండు గుడ్లు ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం పెట్టినవి, నిన్న పొద్దున చుక్క వేసినవి. పదకొండున్నరకు నలభై నాలుగు గంటలు నిండుతాయి. ఆ పాటికి గుండె వంగి కొట్టుకుంటూ ఉంటుంది. వీటిని కూడా పారేయమనే ఆంబ్రోస్ చెప్పాడు.

"గుడ్డులోంచి తీయొద్దు" అంది. "రింగు వద్దు, పళ్ళెం వద్దు. పెంకులో ఉండగానే చూద్దాం. గుడ్డును మీరు ఎటు దొర్లించినా లోపల పచ్చసొన తిరిగి పిల్లను పైకి తెస్తుంది, వీపు పైకి, పొట్ట కిందికి. దాన్ని బోర్లించడం ఎవరివల్లా కాదు. పెంకుకు కోసిన చిన్న కిటికీ తెరిచి పిండం అడుగున నల్లసిరా ఎక్కిస్తే గుండె కనబడుతుంది. తెరవడం వరకే నేను. చూసి చెప్పేది ఆంబ్రోస్."

"మా అమ్మమ్మ పెట్టలు తిప్పినట్టే" అంది బెవ్, ప్రొఫెసరు వైపు తిరిగి. "పెట్ట రోజుకు ఇరవైసార్లు గుడ్డును దొర్లిస్తుంది. ఏ పిల్లా తలకిందులు కాదు. ఈ పిల్ల చెప్పింది నిజమే విన్నీ."

హాల్వర్సన్ డెలానీ వైపు తిరిగింది. "పన్నెండూ కుడికే ఉంటే?"

"మిమ్మల్ని ఉత్తరం అడగను డాక్టర్."

"నువ్వు అడిగినా నేను రాయలేను" అంది ఆవిడ. ఆ మాటలో కటువు లేదు, కాటా మీద బరువు చదివినట్టు ఉంది. తర్వాత లేచి ముందు నడిచింది.

పదకొండున్నరకు అందరూ చిన్నగదిలో మైక్రోస్కోపు చుట్టూ మూగారు. కిటికీలోంచి కళ్ళు చెదిరే మంచువెలుగు. డెలానీ చేతులు కడుక్కుని మొదటి గుడ్డును కదలకుండా పట్టే అచ్చు మీద నిలిపింది. నిన్న చుక్క వేయడానికి పెంకుకు కోసిన కిటికీ మీద టేపు ఉంది. టేపు ఊడదీసి, సన్నని సూదిని పచ్చసొన పొర కిందికి ఏటవాలుగా దించి, సిరా తోసింది. పసుప్పచ్చ మీద నలుపు మబ్బులా విచ్చుకుంది. ఆ నలుపు మీద, అంతకుముందు కంటికి ఆనని పిండం తెల్లగా లేచింది, వేలిగోరులో సగం కూడా లేదు.

ఆంబ్రోస్ వంగి కంటి గొట్టాలకు కళ్ళు ఆనించాడు. "కుడి" అన్నాడు. బెవ్ రాసుకుంది.

రెండోది కుడి. మూడోది కుడి. నాలుగో గుడ్డులో పిండం చచ్చిపోయి ఉంది. ఐదోది కుడి.

డెలానీ మనసులో లెక్క వేసుకుంది. నలభైకి పదకొండంటే నాలుగింట ఒకటి కంటే ఎక్కువే. ఐదింట ఒక్కటీ కనబడకపోతే తప్పు తనదేనేమో. ఆ రింగులు నిజంగానే బోర్లా పెట్టానేమో. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలి? ఆరో గుడ్డుకు సిరా ఎక్కించి పక్కకు జరిగింది.

ఆంబ్రోస్ వంగాడు. ఫోకస్ మర తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. తల ఎటుందని తనలో తనే గొణుక్కున్నాడు. గుడ్డును అచ్చుతో సహా పావు వంతు తిప్పి మళ్ళీ చూశాడు. తర్వాత మెల్లిగా కొంచెం పక్కకు వంచాడు. పచ్చసొన లోపల దొర్లి, పిండం తిరిగి పైకి తేలింది, వీపు పైకి.

అతను తల ఎత్తకుండానే అన్నాడు. "ఎడమ."

హాల్వర్సన్ అతని భుజం మీద చెయ్యి వేసి జరిపి తను చూసింది. చాలాసేపు చూసింది. "ఎడమే" అంది. "కొట్టుకుంటోంది. ఎడమవైపు కొట్టుకుంటోంది."

ఆ తర్వాత గదికి రెక్కలొచ్చాయి. ఏడోది ఎడమ. ఎనిమిది కుడి అంటే గోడవార ఇద్దరూ నిట్టూర్చారు, తొమ్మిది ఎడమ అనేసరికి ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. పది కుడి, పదకొండు కుడి. పన్నెండో గుడ్డు దగ్గర ఆంబ్రోస్ పక్కకు జరిగి, ముందు నువ్వు చూడు అన్నట్టు డెలానీకి చెయ్యి చూపించాడు.

ఆమె వంగింది. నల్లటి సిరా మీద గాజుతో చేసినట్టున్న పిండం, దాని మెడ కింద ఎడమవైపుకు ఉబికిన చిన్న వంపు. ఆ వంపు ముడుచుకుంది, విచ్చుకుంది, ముడుచుకుంది. ఇంకా నెత్తురే సరిగా లేదు దానికి, అయినా ఆగడం లేదు. ఫొటోల్లో పదకొండుసార్లు చూసిన వంపే. కాని ప్రాణంతో ఉన్నదాన్ని, పెంకులో ఉన్నదాన్ని చూడటం ఇదే మొదలు. ఈ క్షణాన దీన్ని చూస్తున్నది లోకం మొత్తానికి తనొక్కతే అని తోచింది. సి గ్రేడు, శుక్రవారం, ఉత్తరం, ఏదీ గుర్తులేదు. ఇంకా కాసేపు చూడనిస్తే చాలనిపించింది.

"ఎడమ" అంది.

ఏడు కుడి, నాలుగు ఎడమ, ఒకటి చచ్చింది. ఆంబ్రోస్ బెవ్‌ను నడుం పట్టుకుని ఎత్తి గిర్రున తిప్పేశాడు. దించరా నీ మొహం మండ, నాకు తుంటి ఆపరేషన్ అయిందని ఆవిడ వీపు మీద బాదింది. అతను పట్టించుకోలేదు. ఐదేళ్ళు. ఐదేళ్ళుగా ఏమీ చేయని మందనుకున్నది గుండెనే తిప్పేస్తోందంటే, ఇక థీసిస్ మాటేమిటి, రేపు ఆ మందు రాసే ప్రతి డాక్టరూ ఇతని పేరు చదవాల్సిందే. అతను డెలానీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు, కళ్ళలో మాత్రం సిగ్గు ఉంది.

"నీ కుడిచెయ్యి ఇటివ్వు" అన్నాడు. ఆమె ఇచ్చింది. "ఇదేనా కుడి? నువ్వు కుడంటే కుడే. ఇక మీదట ఈ ల్యాబులో కుడీ ఎడమా నువ్వు చెప్పిందే." చెయ్యి పట్టి ఊపి, బెవ్ కాగితం లాక్కుని, పన్నెండు గుడ్ల కింద, పాత నలభై కింద కూడా సంతకం చేసేశాడు.

డెలానీ కూడా సంతకం చేసింది. ఇద్దరివీ పడ్డాయి కాబట్టి చీటీ తీయవచ్చు. బెవ్ వంటల చీటీలు దాచుకునే రేకుడబ్బా తెచ్చింది. లోపల మడిచి టేపు వేసిన కాగితం. గోరుతో టేపు చించి, కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని చదివింది.

ఆరు, సెలైన్.

ఆంబ్రోస్ నవ్వుతూనే, తప్పు వరస చూశావు, పక్క గడి చూడమన్నాడు. బెవ్ వేలు పెట్టి మళ్ళీ చూసింది. ఆరు సెలైన్. ఏడు సెలైన్. తొమ్మిది, పన్నెండు, రెండూ సెలైనే. మందు వేసిన ఆరు గుడ్లూ కుడి.

అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా చెరగలేదు, ఎండలో మరిచిపోయిన వెన్నముద్దలా అంచుల నుంచి జారుతోంది. పాత నలభై గుడ్ల చీటీ తానే లాక్కుని చదువుకున్నాడు. ఎడమకు తిరిగిన పదకొండూ సెలైన్ గుడ్లే. రెండు విడతలూ కలిపి మందు వేసిన ఇరవై ఆరు గుడ్లలో ఒక్కటంటే ఒక్కటి దారి తప్పలేదు. మందు కడిగిన ముత్యంలా ఉంది. ఏ పాపమూ ఎరగని ఉప్పునీళ్ళు గుండెలను తిప్పేస్తున్నాయి.

డెలానీ లెక్క నిజం. ఇప్పుడెవరూ కాదనలేరు. ఇది ఎవ్వరూ వెతకని నిజం. మందు ఫ్యాక్టరీ నుంచి కలిపి సీలు వేసిన సీసాల్లోనే వస్తుంది, దానికి ఈ ల్యాబు నీళ్ళు తగలవు. అంటే తేడా ఉన్నది ఒక్కచోటే. ఆ మాట ఆమె నోటి చివరిదాకా వచ్చింది. హాల్వర్సన్ ముందే అంది. "సెలైన్ బాటిల్ తీసుకురా బెవ్."

పెద్ద గాజుబాటిల్, సగానికి పైగా ఉంది. మీద అంటించిన కాగితం మీద ఒద్దికైన చేతిరాతతో తేదీ, రెండక్షరాలు. ఆగస్టు పందొమ్మిది. డబ్ల్యూ. హెచ్.

"చేతిరాత నాదే" అంది వినిఫ్రెడ్ హాల్వర్సన్.

ఆవిడ ఆ బాటిల్‌ను వెలుగుకు పట్టి చూసింది, నీళ్ళలో ఏదైనా కనబడుతుందేమో అన్నట్టు. వేసవిలో మొదలై అక్టోబరులో ముగిసిన రెక్కల పని అంతా ఈ బాటిల్ నీళ్ళతోనే చేశామని, ఆ వ్యాసం వచ్చేనెల పత్రికలో వస్తోందని, ఇన్నాళ్ళూ అందరూ రెక్కలే చూశారు గాని గుండె వంక చూసింది ఈ అమ్మాయొక్కతే అని, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. గోడవార ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. ఆ వ్యాసం మీద వాళ్ళ పేర్లూ ఉన్నాయి.

తర్వాత ఆవిడ డెలానీ వైపు తిరిగింది. అరవై గుడ్లు మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టాలి. రేపు పొద్దున చుక్క వేయాలి. ఇరవైకి ఈ బాటిల్, ఇరవైకి బెవ్ ఈ పూట కొత్తగా కలిపేది, ఇరవైకి బయట కొన్న సీలు బాటిల్. ఏ గుడ్డుకు ఏది అన్న చీటీ ఈసారి బెవ్ దగ్గర ఉండదు. డెలానీ దగ్గర ఉంటుంది. గుండెలు చూసేది ఆంబ్రోసూ, రెక్కలవాళ్ళూ.

"నాకు కూడా చెప్పొద్దు" అంది. "ముఖ్యంగా నాకు చెప్పొద్దు."

డెలానీ తలూపింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది గాని, ఆవిడే అందుకుంది.

"ఉత్తరం ఇవాళ రాయను. నా తప్పు తేల్చబోయే మనిషికి ముందే పొగడ్తలు రాసిస్తే దాన్ని లంచం అంటారు. గురువారం పదకొండు గంటలకు గుడ్లు తెరుస్తాం. ఏం తేలినా, శుక్రవారం ఐదింటికి ఉత్తరం కమిటీ దగ్గర ఉంటుంది. ఏం తేలిందో అందులో ఉంటుంది."

ఇంత సూటి మాట రెండేళ్ళలో ఆవిడ నోట డెలానీ వినలేదు. గుండె దడదడ కొట్టుకుంటోంది, ఎటువైపో తనకే తెలియనంతగా. బాటిల్ అందుకుంది.

"అయితే డాక్టర్, మీరిప్పుడు గది బయటికి వెళ్ళాలి" అంది. "నంబర్లు ఇప్పుడే వేసుకోవాలి. అందరూ వెళ్ళాలి."

బెవ్ కనుబొమలు నెత్తికెక్కాయి. ప్రొఫెసరును ఆవిడ సొంత ల్యాబులోంచి బయటికి పొమ్మన్న ప్రీమెడ్ పిల్ల ఆ అంతస్తులో ఇదివరకు పుట్టలేదు. హాల్వర్సన్ మొహంలో మొదటిసారి ఏదో వెలిగింది. సరేనంటూ కోటు తీసుకుంది. తన గదికి పోయి పత్రికకు ఫోన్ చేస్తానని, రెక్కల వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఇప్పుడే చెప్పేస్తానని అంది. గురువారందాకా ఆగవచ్చు కదా అని రెక్కలవాళ్ళలో ఒకడు గొణిగాడు. రేపు పొద్దునే అది యంత్రం ఎక్కుతుంది, అనుమానమున్న పాలను ట్యాంకరులో పోయడం ఎక్కడి ధర్మమని ఆవిడ వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ఆవిడ వెంట పోలేక, ఉండలేక, మెట్లవైపు నడిచారు. బెవ్ గుడ్లు తేవడానికి కింది చలిగదికి దిగింది.

ఆంబ్రోస్ మాత్రం పోలేదు. తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, అక్కడే ఆగాడు. డెలానీ పెన్సిలు వెతుక్కుంటూ, మీరు కూడా వెళ్ళాలి అంది. అతను తలుపు దగ్గరగా వేశాడు. లోపలివైపు నుంచి.

"ఆ కాగితం ఆవిడది" అన్నాడు. "లోపలి నీళ్ళు ఆవిడవి కావు."

డెలానీ పెన్సిలు వెతకడం ఆపింది.

అతను నేలను చూస్తూ చెప్పుకొచ్చాడు. నవంబరు చివర్లో, జింకలవేటకు సెలవిచ్చిన వారం. బెవ్ తుపాకీ తీసుకుని ఉత్తరాదికి పోయింది, ల్యాబులో తనొక్కడే. బాటిల్ అడుగంటింది. బెవ్ వచ్చేదాకా ఆగితే వారం పోతుంది. తనే ఉప్పు తూచి, నీళ్ళు పోసి, నింపి పెట్టేశాడు. కొత్త కాగితం అంటించాలని గుర్తుంది. తర్వాత అంటిద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాత మరిచిపోయాడు.

"అలమరలో రెండు తెల్లని ఉప్పులు పక్కపక్కనే ఉంటాయి, సోడియం ఒకటి, పొటాషియం ఒకటి. వేయాల్సింది సోడియం" అన్నాడు. "ఏ జాడీలోంచి తీశానో నాకు గుర్తులేదు డెలానీ. ఎంత తలచుకున్నా గుర్తురావడం లేదు."

పాలపిల్ల అనలేదు. రెండేళ్ళలో అతను ఆమెను పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి.

ఆమె మెదడు లెక్క కట్టడం మొదలుపెట్టింది, ఆపుదామన్నా ఆగకుండా. ఇతను నింపింది నవంబరులో. రెక్కల పని ముగిసింది అక్టోబరులో. అంటే ఆ వ్యాసంలో ఉన్నది ఆవిడ కలిపిన మంచి నీళ్ళే. వ్యాసం శుభ్రంగా ఉంది. దాంట్లో తప్పే లేదు. ఆవిడ ఇప్పుడు దాన్ని తన చేత్తో తనే చంపడానికి ఫోన్ దగ్గరికి నడుస్తోంది.

"గురువారందాకా ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు ఆంబ్రోస్. "గుడ్లు తెరిచాక నేనే చెప్పుకుంటా. ఇప్పుడు చెబితే నా ఐదేళ్ళ చదువూ ఈ తలుపు బయటే ఆగిపోతుంది. నీకు సూది పట్టించింది నేను. ఒక్కటి అడుగుతున్నా. రెండు రోజులు."

వరండాలో హాల్వర్సన్ అడుగుల చప్పుడు వినబడుతోంది. మోకాళ్ళ నొప్పి కదా, మెల్లిగా నడుస్తోంది. ఆవిడ గది వరండా చివర. ఇప్పుడు పిలిస్తే వినబడుతుంది. ఆ తలుపు మూసుకున్నాక వినబడదు.

డెలానీ బాటిల్‌ను బల్ల మీద పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడ్డ ఆంబ్రోస్ వైపు నడిచింది.